ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ నేర్చుకుందాం – నాలుగో పాఠం: అడుగున పడ్డ క్లబ్బు పైకి ఎలా వస్తుంది?

మొదటి మూడు పాఠాల్లో మైదానం, స్కోరు, పాయింట్ల పట్టిక, సాలరీ క్యాప్ చూశాం. ఈసారి ఒక్క పని నేర్చుకుందాం. పట్టిక అడుగున ఉన్న ఏ ఏఎఫ్ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) క్లబ్బునైనా ఎదురుగా పెట్టుకుని, దాని పునర్నిర్మాణం నిజంగా సాగుతోందా లేదా అన్నది మీరే చెప్పగలగాలి. సెప్టెంబరు చివర గ్రాండ్ ఫైనల్ అయిపోతుంది. అక్టోబరులో క్లబ్బులు ఆటగాళ్ళను మార్చుకునే ట్రేడ్ పీరియడ్ వస్తుంది, నవంబరులో కొత్త కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ జరుగుతుంది. మెల్‌బోర్న్‌లో ఉండే మనవాళ్ళకు ఆఫీసులో ఆ రెండు నెలల మాటలే అర్థం కావు. ఆట నడిచేటప్పటి మాటలు ఎలాగో పట్టుకుంటారు.

మనకు తెలిసిన ఐపీఎల్ వేలంతో మొదలుపెడదాం. అక్కడ పర్సులో డబ్బున్నవాడు చెయ్యెత్తి ఎవరినైనా కొనుక్కోవచ్చు. ఏఎఫ్ఎల్‌లో డబ్బు పెట్టి కొత్త కుర్రాణ్ణి కొనడం కుదరదు. అందరూ వరుసలో నిలబడాలి. అప్పుడే ముగిసిన సీజన్ పట్టికలో చివర ఉన్న క్లబ్బు వరుసలో ముందు ఉంటుంది, ఛాంపియన్ చివర ఉంటుంది. 1986లో మొదలైన నేషనల్ డ్రాఫ్ట్ అసలు సూత్రం ఇంతే. వరుసలో ఒక్కో చోటును పిక్ అంటారు. ఏ క్లబ్బుకు ఆడాలో కుర్రాడి చేతిలో ఉండదు. పెర్త్‌లో పుట్టి పెరిగిన పద్దెనిమిదేళ్ళవాణ్ణి బ్రిస్బేన్ పిలిస్తే బ్రిస్బేన్ వెళ్ళాల్సిందే. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో దీని పర్యవసానం చూస్తాం.

వరుసలో ముందు నిలబెట్టడం ఒక్కటే చాలదని లీగ్ అనుకుంది. అందుకే మరీ ఘోరంగా ఓడిన క్లబ్బులకు అదనంగా ఒక పిక్ ఇచ్చేది. దాన్నే ప్రయారిటీ పిక్ అంటారు. అది ఎంత మేలు చేసిందో చూడాలంటే 2004 డ్రాఫ్ట్‌ను మించిన పాఠం లేదు. ఆ రోజుల్లో సీజన్ మొత్తంలో 5 విజయాలు దాటని క్లబ్బుకు తొలి రౌండ్ (క్లబ్బులన్నీ వరుసగా ఒక్కోసారి ఎంచుకునే మొదటి విడత) కంటే ముందే ఒక పిక్ దక్కేది. ఆ ఏడు ముగ్గురికి దక్కింది. రిచ్‌మండ్ 1వ పిక్‌తో బ్రెట్ డెలీడియోను, హాథార్న్ 2వ పిక్‌తో జారిడ్ రఫ్‌హెడ్‌ను, వెస్టర్న్ బుల్‌డాగ్స్ 3వ పిక్‌తో రయాన్ గ్రిఫెన్‌ను తీసుకున్నాయి. తరువాత మామూలు వరుస మొదలైంది. 4వ పిక్‌తో రిచ్‌మండ్ రిచర్డ్ టాంబ్లింగ్‌ను ఎంచుకుంది. 5వ పిక్‌తో హాథార్న్ లాన్స్ ఫ్రాంక్లిన్‌ను పట్టుకుంది. 7వ పిక్ కూడా హాథార్న్ చేతిలోనే ఉంది, దాంతో జోర్డన్ లూయిస్ వచ్చాడు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మూడు క్లబ్బులకూ లీగ్ చేసిన సాయం ఒకటే. రిచ్‌మండ్‌కైతే అందరికంటే మంచి చోటు దొరికింది. కానీ 2008లో కప్పు ఎత్తింది హాథార్న్, 2013 నుంచి వరుసగా మూడుసార్లు ఎత్తిందీ హాథార్నే. రిచ్‌మండ్ తన కప్పు కోసం 2017 దాకా ఆగింది, అప్పటికి డెలీడియో క్లబ్బులోనే లేడు. లీగ్ ఇవ్వగలిగింది వరుసలో చోటు మాత్రమే. ఆ చోట ఎవరిని పిలవాలి, వాడి చుట్టూ అదే ఈడువాళ్ళను ఎంతమందిని చేర్చాలి అన్నది క్లబ్బు పని. హాథార్న్‌కు ఒకే రోజు ముగ్గురు దొరికారు. ముగ్గురూ కలిసి ఎదిగారు, ఒకే కాలంలో పాతికేళ్ళకు చేరారు. అందుకే నేను ఒక క్లబ్బు పునర్నిర్మాణాన్ని చదివేటప్పుడు పిక్‌ల నంబర్ల కంటే ముందు ఆటగాళ్ళ వయసులు చూస్తాను. ఇరవై నుంచి ఇరవై మూడేళ్ళ మధ్య మంచి ఆటగాళ్ళు గుంపుగా ఉన్నారా? లేక తలా ఒక వయసులో విడివిడిగా ఉన్నారా? మొదటి ప్రశ్న ఇదే.

ఓడితే బహుమతి వస్తుందంటే గెలవాలన్న కోరిక ఏమవుతుంది? 2006 నుంచి నిబంధన బిగించారు. వరుసగా రెండేళ్ళు 4 విజయాలు దాటకపోతేనే డ్రాఫ్ట్ మొదట్లో అదనపు పిక్, ఒక్క ఏడాదైతే తొలి రౌండ్ తరువాతే. బిగించినా అనుమానం పోలేదు. 2009లో మెల్‌బోర్న్ క్లబ్బు, అంటే డీమన్స్, రిచ్‌మండ్‌తో ఆడిన ఆట ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆట ముగిసిందని సైరన్ మోగాక జోర్డన్ మెక్‌మాన్ కొట్టిన గోల్‌తో రిచ్‌మండ్ గెలిచింది. డీమన్స్ ఆ ఏడాది సరిగ్గా 4 విజయాలతో ముగించి 1, 2 పిక్‌లు రెండూ అందుకున్నారు. టామ్ స్కల్లీ, జాక్ ట్రెంగోవ్ వచ్చారు. లీగ్ తరువాత విచారణ జరిపింది. క్లబ్బు కావాలని ఆటలు ఓడిపోయిందని తేల్చలేదు గానీ, 2013 ఫిబ్రవరిలో 5 లక్షల డాలర్ల జరిమానా వేసి ఇద్దరిని సస్పెండ్ చేసింది.

అసలు విషయం జరిమానా కాదు. ఆ రెండు పిక్‌లు డీమన్స్‌ను పైకి లేపలేదు. స్కల్లీ రెండు సీజన్లు ఆడి కొత్త క్లబ్బు జీడబ్ల్యూఎస్‌కు (గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ) వెళ్ళిపోయాడు. ఆ డ్రాఫ్ట్‌లో 3వ పిక్ రిచ్‌మండ్‌ది, దాంతో వచ్చినవాడు డస్టిన్ మార్టిన్. గ్రాండ్ ఫైనల్లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే నార్మ్ స్మిత్ పతకం అతనికి మూడుసార్లు వచ్చింది. ఓటమిని అలవాటు చేసుకున్న క్లబ్బులోకి పద్దెనిమిదేళ్ళ పిల్లవాణ్ణి దించి నువ్వే కాపాడాలంటే ఆ బరువు ఎవరు మోయగలరు? ట్రెంగోవ్‌కు ఇరవై ఏళ్ళకే కెప్టెన్సీ అప్పజెప్పారు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2012లో ఆ లెక్కల పద్ధతి ఎత్తేశారు. ఇప్పుడు ఇన్ని ఆటలు ఓడితే ఇంత సాయం అన్న సూత్రం లేదు. క్లబ్బు అడగాలి, ఏఎఫ్ఎల్ కమిషన్ కేసును బట్టి తేల్చాలి. 2019లో 3 విజయాలతో అడుగున నిలిచిన గోల్డ్ కోస్ట్‌కు కమిషన్ పెద్ద ప్యాకేజీ ఇచ్చింది. డ్రాఫ్ట్ మొదట్లోనే అదనపు పిక్, తరువాతి రెండేళ్ళకూ మరికొన్ని, దాంతోపాటు డార్విన్ ప్రాంతపు కుర్రాళ్ళను తమ అకాడమీలో పెంచుకునే హక్కు. 1, 2 పిక్‌లతో వచ్చిన మ్యాట్ రోవెల్, నోవా ఆండర్సన్ పక్కపక్కన ఎదిగారు. 2025లో ఆండర్సన్ కెప్టెన్. రోవెల్‌కు ఆ ఏటి ఉత్తమ ఆటగాడి బ్రౌన్లో పతకం వచ్చింది. 2011లో లీగ్‌లోకి వచ్చిన ఆ క్లబ్బు మొదటిసారి ఫైనల్స్ (పట్టికలో పై జట్లు ఆడే చివరి దశ) ఆడింది కూడా ఆ ఏడే. సాయం అందిన ఆరేళ్ళకు! ప్యాకేజీ ప్రకటించగానే వచ్చే ఏడాది చూస్కోండి అనేవాళ్ళ మాట నమ్మకండి.

ఇప్పుడు ట్రేడ్. ఇక్కడ క్లబ్బు ఒక్కటే నిర్ణయించలేదు, ఆటగాడు ఒప్పుకోకపోతే అతన్ని ఇంకో క్లబ్బుకు పంపడం కుదరదు. అమెరికా ఆటలకూ దీనికీ పెద్ద తేడా ఇదే. దానికి ఇంకో వైపు కూడా ఉంది. ఆటగాడు ఇంటికి పోతానంటే, కాంట్రాక్టు మిగిలి ఉన్నా ఆపడం కష్టం. 2013లో బ్రిస్బేన్ నుంచి ఎలియట్ యో, సామ్ డాకర్టీ, జారెడ్ పోలెక్‌తో కలిపి ఐదుగురు కుర్రాళ్ళు ఒకేసారి వెళ్ళిపోయారు. 2021లో నార్త్ మెల్‌బోర్న్ 1వ పిక్‌తో తీసుకున్న దక్షిణ ఆస్ట్రేలియా కుర్రాడు జేసన్ హార్న్-ఫ్రాన్సిస్ ఒక్క సీజన్ ఆడి అడిలైడ్ నగరంలోని పోర్ట్ అడిలైడ్‌కు వెళ్ళాడు. వాళ్ళను తప్పుపట్టను. ఎక్కడుండాలో ఎంచుకునే అవకాశం పద్దెనిమిదేళ్ళప్పుడు వాళ్ళకు ఎవరూ ఇవ్వలేదు కదా. కాబట్టి మన రెండో ప్రశ్న: వచ్చిన కుర్రాళ్ళలో ఎంతమంది రెండో కాంట్రాక్టు మీద సంతకం పెట్టారు?

ఫ్రీ ఏజెన్సీ 2012లో వచ్చింది. ఒకే క్లబ్బుకు ఎనిమిదేళ్ళు ఆడినవాడు కాంట్రాక్టు ముగిశాక నచ్చిన చోటికి వెళ్ళవచ్చు. అతను క్లబ్బులో ఎక్కువ జీతం తీసుకునేవాళ్ళలో ఒకడైతే, పాత క్లబ్బు అంతే ఆఫర్ ఇచ్చి అడ్డుపడవచ్చు. వదిలేస్తే లీగ్ పాత క్లబ్బుకు నష్టపరిహారంగా ఒక పిక్ ఇస్తుంది. అత్యుత్తమ స్థాయి పరిహారమైతే, అది ఆ క్లబ్బు సొంత తొలి పిక్ వెనకాలే పడుతుంది. ఇందులో మెలిక గమనించండి. 2013లో ఛాంపియన్ హాథార్న్ నుంచి ఫ్రాంక్లిన్ అంతటివాడు తొమ్మిదేళ్ళ కాంట్రాక్టుతో సిడ్నీకి వెళ్ళాడు, పరిహారం 19వ పిక్. మరుసటి ఏడు డీమన్స్ నుంచి డిఫెండర్ జేమ్స్ ఫ్రాలీ హాథార్న్‌కు వెళ్ళాడు, పరిహారం 3వ పిక్. పోయినవాడి గొప్పతనం కన్నా, పోగొట్టుకున్న క్లబ్బు పట్టికలో ఎక్కడుందన్నదే పిక్ విలువను తేల్చింది. ఆ ఏడు డీమన్స్ 2వ పిక్‌తో క్రిస్టియన్ పెట్రాకాను, ఈ 3వ పిక్‌తో ఆంగస్ బ్రేషాను తీసుకున్నారు. 2021లో 57 ఏళ్ళ తరువాత వాళ్ళు కప్పు ఎత్తినప్పుడు ఇద్దరూ జట్టులో ఉన్నారు. 2009 నాటి ప్రయారిటీ పిక్ చేయలేని పని ఒక డిఫెండర్ వెళ్ళిపోవడం వల్ల దొరికిన పిక్ చేసింది.

రాబోయే ఏడాది పిక్‌ను ముందే ట్రేడ్ చేసుకునే వీలు 2015 నుంచి ఉంది. పునర్నిర్మాణంలో ఉన్న క్లబ్బు తన సొంత భవిష్యత్ తొలి రౌండ్ పిక్‌ను అమ్ముకుంటుంటే నేను కంగారు పడతాను. ఆ పిక్ ఎంత విలువైనదో ఎవరికీ తెలియదు, మీరు ఎంత ఓడితే అంత ఖరీదు పెరుగుతుంది. కాలింగ్‌వుడ్ 2021 తొలి రౌండ్ పిక్‌ను ముందే జీడబ్ల్యూఎస్‌కు ఇచ్చేసింది. ఆ ఏడు కాలింగ్‌వుడ్ 17వ స్థానానికి పడిపోవడంతో అది 2వ పిక్ అయి కూర్చుంది. అయినా వాళ్ళ లెక్క పూర్తిగా తప్పలేదు. కారణం ఫాదర్-సన్ నిబంధన.

క్లబ్బుకు వంద ఆటలు ఆడినవాడి కొడుకు డ్రాఫ్ట్‌లోకి వస్తే, ఆ క్లబ్బుకు అతని మీద మొదటి హక్కు. వేరే క్లబ్బు ఏదో ఒక పిక్ దగ్గర అతన్ని కోరుకుంటే దాన్ని బిడ్ అంటారు. సొంత క్లబ్బు ఆ పిక్‌కు సరిపడా పాయింట్లు చెల్లించి అతన్ని ఉంచుకోవచ్చు. ప్రతి పిక్‌కూ లీగ్ కట్టిన పాయింట్ల విలువ ఉంటుంది. 2024 దాకా నడిచిన పట్టికలో 1వ పిక్ 3000, 2వది 2517, 3వది 2234, 4వది 2034. కాగితం, పెన్ను తీసుకోండి. 2021లో కాలింగ్‌వుడ్ పాత ఆటగాడు పీటర్ డేకస్ కొడుకు నిక్ డేకస్ మీద 4వ పిక్ దగ్గర బిడ్ వచ్చింది. అప్పటి 20 శాతం రాయితీ తీసేస్తే 2034లో చెల్లించాల్సింది 1627. ఇప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోని 40, 41, 42, 43 పిక్‌ల విలువలు కూడండి: 429, 412, 395, 378. మొత్తం 1614. నాలుగు నలభై నంబరు పిక్‌లు పోగేస్తే, ఆ డ్రాఫ్ట్‌లోనే అత్యుత్తముల్లో ఒకడు దాదాపు చేతికొచ్చినట్టే! కాలింగ్‌వుడ్ తొలి రౌండ్ పిక్‌ను ముందే వదిలించుకుని చిన్న పిక్‌లు పోగేసుకున్నది ఇందుకే.

అడుగున ఉన్న క్లబ్బుకు ఇది అన్యాయమని నా అభిప్రాయం. ఏడాదంతా ఓడి సంపాదించిన పిక్ వెనక్కి జరుగుతుంది, పేరున్న కుర్రాడు పై క్లబ్బుకు చేరతాడు. 2025 నుంచి రాయితీని 10 శాతానికి తగ్గించి, చివరి పిక్‌ల పాయింట్లకు కోత పెట్టారు. సరైన పనే, ఆలస్యంగానైనా చేశారు.

ఇవన్నీ ఒకచోట కలిసిన ఉదాహరణ బ్రిస్బేన్. ఐదుగురు కుర్రాళ్ళు పారిపోయిన క్లబ్బది. 2016లో లీగ్ ఇచ్చింది తొలి రౌండ్ చివర ఒక పిక్, అంతే. 2017కు క్రిస్ ఫాగన్ కోచ్‌గా వచ్చాడు. హ్యూ మెక్‌క్లగేజ్ 3వ పిక్‌తో, మరుసటి ఏడు క్యామ్ రేనర్ 1వ పిక్‌తో వచ్చారు. పిల్లల్ని పిల్లలకే వదిలేయలేదు. హాథార్న్‌లో నాలుగు కప్పులు చూసిన ల్యూక్ హాడ్జ్‌ను రెండేళ్ళు తెచ్చి వాళ్ళ మధ్య నిలబెట్టారు. అడిలైడ్ నుంచి చార్లీ క్యామరన్‌ను, ఫ్రీమాంటిల్ నుంచి లాకీ నీల్‌ను ట్రేడ్‌లో తెచ్చారు. నీల్ రెండు బ్రౌన్లో పతకాలు గెలిచాడు. జట్టు గట్టిపడ్డాక ఫాదర్-సన్ అదృష్టమూ కలిసొచ్చింది, విల్ ఆష్‌క్రాఫ్ట్ వచ్చాడు. 2024, 2025 కప్పులు బ్రిస్బేన్‌వే, ఆ రెండు గ్రాండ్ ఫైనల్స్‌లోనూ నార్మ్ స్మిత్ పతకం విల్‌దే. మన మూడో ప్రశ్న ఇక్కడి నుంచి పుడుతుంది: కుర్రాళ్ళ మధ్య నిలబడి నేర్పే ముప్పై ఏళ్ళవాడు ఎవరు?

ఇక మీ వంతు. రెండు అభ్యాసాలు.

ఒకటి. 2007లో కార్ల్‌టన్ 3వ పిక్, 20వ పిక్, జాష్ కెనెడీని వెస్ట్ కోస్ట్‌కు ఇచ్చి, క్రిస్ జడ్‌ను, 46వ పిక్‌ను తీసుకుంది. పైన చెప్పిన పాత పట్టిక అప్పటికి లేదు, అయినా దాన్నే వాడండి: 20వ పిక్ 912, 46వ పిక్ 331. కెనెడీని పక్కన పెడితే, పాయింట్లలో కార్ల్‌టన్ నికరంగా ఎంత ఇచ్చింది? జడ్ 2010లో కార్ల్‌టన్‌కు ఆడుతూ బ్రౌన్లో గెలిచాడు. కెనెడీ రెండు సీజన్లలో లీగ్ మొత్తంలో అత్యధిక గోల్స్ కొట్టి, 2018లో వెస్ట్ కోస్ట్‌తో కప్పు అందుకున్నాడు. మీ తీర్పు ఎటు? పాయింట్లు చెప్పే తీర్పూ, మీ తీర్పూ ఒకటేనా?

రెండు. 2024లో రిచ్‌మండ్ అడుగున ముగించి, డానియల్ రియోలీని గోల్డ్ కోస్ట్‌కు, షై బోల్టన్‌ను ఫ్రీమాంటిల్‌కు, లియమ్ బేకర్‌ను వెస్ట్ కోస్ట్‌కు పంపింది. ఆ డ్రాఫ్ట్‌లో 1వ పిక్ సామ్ లేలర్‌తో మొదలుపెట్టి తొలి రెండు రౌండ్లలోనే బోలెడు మందిని తీసుకుంది. ఆ క్లబ్బు ఇప్పటి లిస్టు తెరిచి మన మూడు ప్రశ్నలూ వేయండి: వయసుల గుంపు, రెండో కాంట్రాక్టులు, నేర్పే పెద్దవాడు. ప్రతి ప్రశ్నకూ ఒక్కో వాక్యంలో జవాబు రాసుకోండి.

జవాబులు ఐదో పాఠం మొదట్లో సరిచూద్దాం. ఆ పాఠంలో రూకీ లిస్టు, మిడ్-సీజన్ డ్రాఫ్ట్ నేర్చుకుంటాం. 2019లో సీజన్ మధ్యలో రిచ్‌మండ్ తీసుకున్న మార్లియన్ పికెట్ తన మొట్టమొదటి సీనియర్ ఆటనే గ్రాండ్ ఫైనల్లో ఎలా ఆడాడో అక్కడ చూద్దాం.