“తర్వాతేమైంది?” అని అడిగాకే పుస్తకం ఇవ్వండి

మా బ్యాంకు బ్రాంచిలో మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకునే బల్ల దగ్గర ఈ ఆరేళ్లలో తొమ్మిదిమందికి ఫాంటసీ నవలల రుచి చూపించాను. యుద్ధాలూ, వంశవృక్షాలూ, మొదటి పేజీల్లో మ్యాపులూ ఉండే బరువైన రకం కాదు. మంత్రాలుంటాయి, రాక్షసులుంటారు, కానీ చదివినంతసేపూ పెదాల మీద నవ్వుంటుంది, అలాంటివి. అమ్మ చనిపోయిన ఏడాది నిద్రపట్టని రాత్రుళ్లు నాకు తోడున్నవి ఇవే. అందుకే ఎవరికైనా ఇచ్చేటప్పుడు చాలా జాగ్రత్తగా ఇస్తాను.

ముందుగా, కథ చెప్పకండి. “మంత్రగత్తె ఒకమ్మాయిని ముసలిదాన్ని చేసేస్తుంది, ఆ అమ్మాయి ఓ మాంత్రికుడి ఇంట్లో చేరుతుంది” అన్నారనుకోండి, ఎదుటివాళ్లు “ఓహో” అనేసి పెరుగన్నం కలుపుకుంటారు. ఇలాంటి నవలని కుదించి చెప్తే నవ్వు మొత్తం ఆవిరైపోతుంది. కథ బదులు ఒక్క సీను చెప్పండి.

డయానా విన్ జోన్స్ 1986లో రాసిన ‘హౌల్స్ మూవింగ్ కాసిల్’లో నేనెప్పుడూ చెప్పే సీను వంటింటిది. పొయ్యిలో మంట మామూలు మంట కాదు, కాల్సిఫర్ అనే నిప్పు దయ్యం. మాంత్రికుడు చెప్తే తప్ప ఎవరికీ వంట చేసిపెట్టదు. ముసలమ్మగా మారిపోయిన సోఫీకి ఆకలేస్తోంది. మూకుడు పట్టుకుని పొయ్యి ముందు నిలబడి, “తల వంచు” అని గదమాయిస్తుంది. దయ్యం సణుగుతూనే వంచుతుంది. దాని నెత్తిన మూకుడు పెట్టి మాంసం వేయిస్తుంది. ఇంతే చెప్పి నేను నా చారన్నం తింటాను. “తర్వాతేమైంది?” అన్న ప్రశ్న వచ్చేదాకా పుస్తకం బ్యాగులోంచి బయటికి తీయను. 2004లో జపాన్ దర్శకుడు మియజాకి దీన్నే తీసిన సినిమా చూసేశామన్నా ఇవ్వండి, నవల దారి చాలావరకు వేరు.

ఏది ముందు ఇవ్వాలన్నది అసలు చిక్కు. ఇంగ్లీషు రచయిత టెర్రీ ప్రాచెట్ డిస్క్‌వరల్డ్ అనే ఊహాలోకం మీద రాసిన నవ్వుల నవలలు 41 ఉన్నాయి. వరసలో మొదటిది కదా అని 1983 నాటి ‘ది కలర్ ఆఫ్ మ్యాజిక్’ ఒకావిడకి ఇచ్చాను. మూడు నెలలకు తిరిగొచ్చింది, బుక్‌మార్కు ముప్ఫయ్యో పేజీ దగ్గరే ఉంది. అందులో ఆటపట్టించేది కత్తులూ మంత్రాల పాత నవలల్ని. అవి చదవనివాళ్లకి ఆ నవ్వు అందదు. అప్పట్నుంచి 1989లో వచ్చిన ‘గార్డ్స్! గార్డ్స్!’తో మొదలుపెడుతున్నాను. ఆ కథ జరిగే నగరంలో దొంగతనానికో సంఘం ఉంది, దోచుకున్నాక రసీదు కూడా ఇస్తారు. ఈ ఒక్క మాటతోనే మా క్యాషియర్ చెయ్యి చాపాడు. మరుగుజ్జుల దగ్గర పెరిగి, ఆరడుగులు దాటినా తననీ మరుగుజ్జుగానే భావించుకునే కుర్రాడొకడు పోలీసుగా చేరి, చట్టం పుస్తకంలో ఉంది కదా అని ఆ దొంగల సంఘం పెద్దనే అరెస్టు చేస్తాడు.

ప్రాచెట్ ఇంగ్లీషులో మాటల మీద ఆట ఎక్కువ. ఇంగ్లీషు నవలలు కొత్తవాళ్లకి జోన్స్ తేలిక. అసలు ఇంగ్లీషే వద్దనే మా నాన్నలాంటివాళ్లకి మన దగ్గరే ఉన్నాయి కదా. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ ఒక సంపుటం చేతికిస్తే చాలు. కాశీకి నడిచి వెళ్తూ ప్రతి మజిలీలో మణిసిద్ధుడు తోటి కుర్రాడికి ఓ వింత కథ చెప్తాడు. భాష పాతది, అందుకని మొదటి మజిలీ నేనే చదివి వినిపించాను. రెండోదానికి నాన్న కళ్లజోడు తెచ్చుకున్నారు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు చదివి పెరిగినవాళ్లకైతే ఇంత ఉపోద్ఘాతమే అక్కర్లేదు. 1954లో ‘తోకచుక్క’తో మొదలైన ఆ పిచ్చి వాళ్లలో ఇంకా అలాగే ఉంటుంది.

ప్రాచెట్ మాత్రం కాగితం పుస్తకమే ఇవ్వండి. సగం నవ్వు పేజీ అడుగున ఫుట్‌నోట్లలో ఉంటుంది. ఫోనులో నొక్కి వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చేసరికి ఆ టైమింగ్ పోతుంది. పైగా చాలా నవలల్లో అధ్యాయాలుండవు. బస్సులో పావుగంట చదివేవాళ్లకి “ఎక్కడ ఆపాలి?” అని టెన్షన్. సీనుకీ సీనుకీ మధ్య ఖాళీ వదిలిన చోట ఆపమని చెప్పండి. నేను ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికి రెండో కాపీ కొంటాను. నా కాపీ అయితే “ఎప్పుడిస్తారు?” అని మనసు పీకుతూనే ఉంటుంది. అరువిచ్చి అలా పీక్కోవడం స్నేహానికి మంచిది కాదు.

ఇచ్చాక “ఎలా ఉంది?” అని అడగొద్దు. అది పరీక్షలా ఉంటుంది, మొహమాటానికి “బాగుంది” అంటారు. “లైబ్రేరియన్ వచ్చాడా?” అని అడగండి చాలు. ప్రాచెట్ నవలల్లో మంత్రం తగిలి ఒరాంగుటాన్‌గా మారి, అలాగే హాయిగా ఉందని మళ్లీ మనిషి కావడానికి ఒప్పుకోని లైబ్రేరియన్ అతను. మాట్లాడితే “ఊక్” అంటాడు. కోతి అంటే మాత్రం ఊరుకోడు.

మా క్యాషియర్‌ని వారం రోజులు ఏమీ అడగలేదు. ఓ రాత్రి పదిన్నరకి మెసేజ్ వచ్చింది: “ఊక్.” మర్నాడు ఆ వరసలో తర్వాతిది, ‘మెన్ ఎట్ ఆర్మ్స్’, బ్యాగులో పెట్టుకుని వెళ్లాను. శుక్రవారం తనే అడిగాడు. అప్పుడు తీసిచ్చాను.