మంచు కొండ ఎక్కే ముందు జారడం నేర్చుకోండి

నా మొదటి చలికాలం నడకలో క్రాంపాన్లు, అంటే బూట్ల కింద కట్టుకునే ఇనుప పళ్ళ చట్రాలు, బ్యాగు అడుగున ఉన్నాయి. మెత్తటి మంచే కదా అని సగం వాలు ఎక్కేశాను. అక్కడి నుంచి మంచు గట్టిపడింది, బూటుతో ఎంత తన్నినా గుంట పడదు. గ్లవ్ తీసి పళ్ళ మధ్య పెట్టుకుని, ఒంటికాలి మీద పట్టీలు బిగించబోయాను. గ్లవ్ జారింది. సర్రున కిందికి పోయి చుక్కంతై మాయమైంది. నాకు కాళ్ళలో వణుకు మొదలైంది.

అప్పటినుంచి ఒకటే పద్ధతి: క్రాంపాన్లు తొడిగేది, ఐస్ యాక్స్ (మంచులో దిగేసే చిన్న గొడ్డలి) చేతిలోకి తీసుకునేది వాలు మొదలవకముందే, చదునుగా ఉన్న చోట. గ్లవ్స్‌కి ఎలాస్టిక్ తాడు, బ్యాగులో ఇంకో జత.

యాక్స్ కొనగానే ధైర్యం వచ్చేస్తుంది, అదే ప్రమాదం. జారితే ఆగడం ముందే సాధన చేయాలి. కింద రాళ్ళు లేకుండా, దానంతటదే చదునైపోయే చిన్న వాలు చూసుకోండి. హెల్మెట్ ఉండాలి, క్రాంపాన్లు వద్దు. కుడి చేత్తో యాక్స్ తల పట్టుకోండి. పారలాంటి వెడల్పు భాగం కుడి భుజం ముందువైపు, కాలర్ ఎముక కింది గుంటలో ఆనాలి. కర్ర ఛాతీ మీదుగా ఏటవాలుగా ఎడమ తుంటి దగ్గరికి వస్తుంది. దాని మొనను ఎడమ చేత్తో మూసి పట్టకపోతే పొట్టలో దిగుతుంది. జారగానే కుడివైపుకే దొర్లి బోర్లా పడండి. ఎడమవైపు దొర్లితే మొన ముందు మంచులో దిగి, యాక్స్‌ని చేతిలోంచి లాగేస్తుంది. మొహం పక్కకు తిప్పి, ఛాతీ బరువంతా యాక్స్ మీద వేయండి. మోకాళ్ళు మడిచి పాదాలు గాల్లో ఉంచండి. క్రాంపాన్లు ఉన్న రోజు పాదం ఆనిందంటే పళ్ళు పట్టేసి పల్టీ కొట్టిస్తాయి. ఇది అలవాటయ్యాక వెల్లకిలా, తలకిందులుగా జారి చూడండి. నాకు తలకిందులుది వంటబట్టడానికి ఒక పూటంతా పట్టింది, మెడ నిండా మంచు.

బట్టల గురించి ఒక్క మాట: బయల్దేరేటప్పుడు కాస్త చలేయాలి. చెమట పట్టిందంటే ఆగినప్పుడు వణికిపోతారు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, గాలి దెబ్బ వేరే.

మంచుచరియల సంగతి మాత్రం చదివి తెలుసుకునేది కాదు. ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. మనకి ఎక్కాలనిపించేవీ అవే. శిక్షకుడి దగ్గర నేర్చుకోండి, ఆ రోజు హెచ్చరిక చూడకుండా కదలకండి.

విజిల్ మెడలోనే ఉండాలి. ఆపదలో నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదండి.