మేడ మీదికి వైఫై: పాత రౌటర్‌ను రెండోదిగా కలపడం

నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు పెట్టె బిగించేది కింద, వీధివైపు గదిలో. పిల్లలు చదువుకునేది మేడ మీద, వెనకవైపు గదిలో. మధ్యలో ఇనుప చువ్వలు పోసిన స్లాబు, రెండు గోడలు, దారికడ్డంగా ఒక బీరువా. విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీలోనైనా, గాజువాకలోనైనా డాబా ఇళ్లలో ఇదే వరస. ప్లాన్ 100 ఎంబీపీఎస్ నుంచి 300కి పెంచినంత మాత్రాన పైన సిగ్నల్ రాదు, ఆ డబ్బు దండగ. పాత కనెక్షన్ నాటి రౌటర్ అటక మీద ఉంటే, కొంత కేబుల్ కొంటే చాలు.

కేబులే ఎందుకంటే, రెండో రౌటర్‌ను రిపీటర్‌గా పెడితే అది అదే గాలిలో విని, అదే గాలిలో మళ్లీ చెప్పాలి. ఒకే బ్యాండ్ మీద నడిచే రిపీటర్‌లో వేగం సుమారు సగానికి పడిపోతుంది. తీగ లాగడానికి ఏ దారీ లేని అద్దె ఇంట్లో తప్ప ఆ పద్ధతి వద్దు. తప్పనిసరైతే రిపీటర్‌ను సిగ్నల్ అందని గదిలో కాదు, ఇంకా బాగా అందే సగం దారిలో, అంటే మెట్ల మలుపు దగ్గర పెట్టండి.

కేబుల్ క్యాట్ 5ఈ గానీ, క్యాట్ 6 గానీ తీసుకోండి. రెండూ 100 మీటర్ల దాకా 1 జీబీపీఎస్ మోస్తాయి. షాపులో ఒక తీగను బ్లేడుతో గీకి చూపించమనండి. లోపల వెండిలా తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం. వంచితే పుటుక్కున తెగుతుంది, ఉప్పుగాలికి త్వరగా పాడవుతుంది. బయట గోడ మీదుగా వెళ్లేదైతే ఎండకు తట్టుకునే నల్ల తొడుగు కేబుల్ అడగండి. లాసన్స్ బే, పెదవాల్తేరు లాంటి సముద్రపు ఒడ్డు ఇళ్లలో బయట అతుకు వేయనే వద్దు, చవక ప్లగ్ పిన్నులకు చిలుం పడుతుంది. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ముక్క, రెండు ప్లగ్‌లూ ఇంటి లోపలే.

ప్లగ్ కొట్టిన కేబుల్‌కి గోడలో 16 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. విడి కేబుల్‌కి 8 చాలు, ప్లగ్ తర్వాత కొట్టించుకోవచ్చు. రంధ్రం బయటికి కొంచెం వాలుగా వేయండి. లోపలికి వచ్చే ముందు కేబుల్‌ని కిందికి వంపు తిప్పితే వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను గాలి చూసిన ఊరిది, కాబట్టి అరమీటరుకో క్లిప్పు తప్పదు. కరెంటు తీగలున్న పైపులో దీన్ని దూర్చకండి.

ప్లగ్‌లో రంగుల వరస ఇది: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. రెండు చివరలా ఇదే వరస ఉండాలి.

ఇక సెట్టింగులు. ముందు కింది రౌటర్ అడ్రస్ తెలుసుకోండి. ఫోన్‌లో వైఫై వివరాల్లో ‘గేట్‌వే’ అని ఉంటుంది. అది 192.168.1.1 అనుకుందాం. ఆ రౌటర్ పేజీ తెరిచి డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే ఏర్పాటు) పరిధిని 192.168.1.20 నుంచి మొదలయ్యేలా మార్చండి. కింది రౌటర్‌లో ప్రస్తుతానికి మార్చాల్సింది ఇంతే.

పాత రౌటర్‌ను ఇంకా కలపకండి. రీసెట్ రంధ్రంలో పిన్నుతో 10 సెకన్లు నొక్కి పట్టుకుని, లాప్‌టాప్‌ను దాని లాన్ పోర్టుకు (ఇంట్లో పరికరాలు కలిపే రంధ్రం) తీగతో పెట్టండి. మొదట వైఫై పేరు, పాస్‌వర్డ్, డబ్ల్యూపీఏ2 భద్రత కింది రౌటర్‌లో ఉన్నట్టే ఇవ్వండి. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చేయండి. తర్వాత లాన్ ఐపీని, అంటే రౌటర్ సొంత అడ్రస్‌ను, 192.168.1.2 చేయండి. రౌటర్ ఆగి లేస్తుంది, కొత్త అడ్రస్‌తో మళ్లీ లోపలికి వెళ్లి, చిట్టచివర డీహెచ్‌సీపీ ఆపండి. ఈ వరస తప్పి ముందే ఆపేస్తే లాప్‌టాప్‌కి అడ్రస్ దొరకదు. అప్పుడు లాప్‌టాప్‌కి చేత్తో అడ్రస్ ఇవ్వాలి. రౌటర్ ఐపీ మార్చేశాక అయితే 192.168.1.50, మాస్క్ 255.255.255.0 సరిపోతాయి.

డీహెచ్‌సీపీ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఇంట్లో అడ్రసులు పంచే పెద్ద ఒక్కరే ఉండాలి. ఇద్దరైతే ఒకే నంబరు రెండు పరికరాలకు పోవచ్చు, లేదా ఫోన్ పాత రౌటర్‌నే గేట్‌వే అనుకుంటుంది. సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, నెట్ రాదు. పొద్దున పనిచేసిన ఫోన్ సాయంత్రం ఆగిపోతే ముందు ఇదే చూడండి.

ఇప్పుడు కింది రౌటర్ లాన్ పోర్టు నుంచి పై రౌటర్ లాన్ పోర్టుకు కేబుల్ పెట్టండి. పైదాని వాన్ పోర్టు (బయటి నెట్ తీగ పెట్టే రంధ్రం) ఖాళీ, దాని మీద టేపు అతికిస్తే ఇంకెవరూ పొరపాటున పెట్టరు. సర్వీసువాళ్లు ఇచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కింది రౌటర్‌కే, పైదానికి అక్కర్లేదు. ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ ఉన్న రౌటరైతే ఆ ఒక్క మీటతో ఈ ఐపీ, డీహెచ్‌సీపీ తతంగమంతా అదే చూసుకుంటుంది. అప్పుడు చాలా మోడళ్లలో వాన్ పోర్టూ పనికొస్తుంది.

2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్లు ఒకదానిమీద ఒకటి పడవు. కింద 1 పెడితే పైన 6 గానీ 11 గానీ పెట్టండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. మేడెక్కినా ఫోన్ కింది రౌటర్‌నే పట్టుకు వేలాడితే తప్పు రౌటర్లది కాదు, ఎప్పుడు మారాలో తేల్చేది ఫోనే. కింది రౌటర్ ప్రసార శక్తిని ఒక మెట్టు తగ్గిస్తే త్వరగా వదులుతుంది.

పైన ఫోన్‌కి 192.168.1.20 పైన అడ్రస్, గేట్‌వే 192.168.1.1 వస్తే పని సరిగ్గా కుదిరినట్టే. 169.254తో మొదలైతే కింది రౌటర్ దాకా మాట చేరలేదు, కేబుల్ చూడండి. 192.168.0తో మొదలైతే పాత రౌటర్‌లో చేసిన మార్పులు నిలవలేదు, అదే ఇంకా అడ్రసులు పంచుతోంది. తీగ కూడా వాన్ పోర్టులో ఉంటే నెట్ వస్తుంది గానీ కింద ఉన్న టీవీకి ఫోన్ బొమ్మ పంపలేరు. ప్లాన్ 100 ఎంబీపీఎస్ కంటే పెద్దదైనా వేగం 94 దగ్గర ఆగితే పాత రౌటర్ పోర్టే 100 ఎంబీపీఎస్‌ది కావచ్చు, లేదా 8 తీగల్లో ఒకటి ప్లగ్‌లో అందలేదు. వేగం పెరుగుతుందని రెండు రౌటర్ల మధ్య రెండు కేబుళ్లు కలిపితే డేటా గుండ్రంగా తిరిగి ఇంటి నెట్ మొత్తం స్తంభిస్తుంది.

కరెంటు పోయినప్పుడు కిందిదొక్కటే యూపీఎస్ మీద నడిస్తే పైన నెట్ ఉండదు, రెండోదానికీ చిన్న యూపీఎస్ కావాలి. కొనేముందు అడాప్టర్ మీద చూడండి, కొన్ని పాత రౌటర్లు 9 వోల్టులవి. వాటికి 12 వోల్టులిస్తే కాలిపోవచ్చు. ఉరుములు మొదలైతే మాత్రం యూపీఎస్ ఉన్నా సరే, బయట నుంచి వచ్చిన కేబుల్‌ని రెండు చివరలా తీసేయండి.