సెకండ్ హ్యాండ్ పీఎస్4 కొంటున్నారా, మీ డిస్క్ మీరే తీస్కెళ్ళండి

సోనీ గేమింగ్ కన్సోల్ పీఎస్5 (ప్లేస్టేషన్ 5) ఇండియాలో 2021 ఫిబ్రవరిలో 49,990కి దిగింది, ఏ ఎలక్ట్రానిక్ వస్తువైనా ఏళ్ళు గడిచేకొద్దీ రేటు తగ్గాలి కదా, ఇది మాత్రం 2022 చివర్లో 54,990 అయి కూర్చుంది. అందుకే ఇప్పటికీ మనోళ్ళు ఓఎల్ఎక్స్ లో, హైదరాబాద్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్లయిన సికింద్రాబాద్ సీటీసీలో, అబిడ్స్ జగదీశ్ మార్కెట్ లో దానికి ముందు తరం పాత పీఎస్4 కోసం తిరుగుతూనే ఉన్నారు. నన్నడిగితే అందులో తప్పేం లేదు. ఫుట్‌బాల్ గేమ్ ఎఫ్‌సీ 26 కూడా పీఎస్4కి వచ్చింది, క్రికెట్ 24 ఉంది, గాడ్ ఆఫ్ వార్, స్పైడర్‌మ్యాన్ లాంటివి ఇంకా ఆడనివాళ్ళకైతే రెండేళ్ళకి సరిపడా సరుకుంది. కాకపోతే జీటీఏ 6 కోసమే కన్సోల్ కొంటున్నా అనేవాళ్ళు ఇక్కడితో ఆపేసి డబ్బులు దాచుకోండి, అది పీఎస్4కి రావట్లేదు.

అందరూ చేసేదేంటంటే, ఫొటోలు చూసి "కండిషన్ ఎలా ఉంది అన్నా" అని మెసేజ్ పెడతారు, అవతలి నుంచి "సూపర్ కండిషన్ బ్రో, ఒక్క స్క్రాచ్ లేదు" అని వస్తుంది, అంతే, ఫిక్స్ అయిపోతారు. స్క్రాచ్ తో మనకేం పని? టీవీ కింద పెట్టేసే డబ్బా అది. లోపల ఫ్యాన్ ఎలా తిరుగుతోంది, డిస్క్ లాక్కుంటోందా, మన అకౌంట్ తో ఆన్‌లైన్ కి వెళ్తోందా, ఈ మూడూ ఫొటోలో కనపడవు. కాబట్టి మెసేజ్ లో అడగాల్సింది ఒక్కటే, "అన్నా ఇంటికొచ్చి ముప్పావుగంట ఆడి చూస్తా, ఓకేనా?" ఓకే అంటే వెళ్ళండి, "మెట్రో స్టేషన్ దగ్గరికి తెస్తా, అక్కడే తీస్కోండి" అంటే ఆ చాట్ అక్కడే వదిలేయండి, ఎంత తక్కువకిచ్చినా సరే.

ఏ మోడల్ తీస్కోవాలి

మూడు రకాలున్నాయి. 2013లో వచ్చిన లావు మోడల్, 2016లో వచ్చిన స్లిమ్, అదే ఏడాది చివర్లో వచ్చిన ప్రో. వెనక స్టిక్కర్ మీద సీయూహెచ్ అని ఉండి పక్కన నెంబర్ ఉంటుంది, 1000, 1100, 1200తో మొదలైతే లావుది, 2000ల్లో ఉంటే స్లిమ్, 7000ల్లో ఉంటే ప్రో. లావు వాటిల్లో 1000, 1100 మాత్రం వద్దు, వాటికి బటన్లు నొక్కేవి కాదు, ముట్టుకుంటే పనిచేసేవి, కింద ఉన్న రబ్బరు కాలు ఏళ్ళు గడిచాక ఉబ్బి ఆ ఎజెక్ట్ సెన్సార్ కి తగులుతుంటుంది, దాంతో మనం మంచి ఫైట్ లో ఉండగా డిస్క్ దానంతట అదే బయటికొచ్చేస్తది. పైగా లావు మోడల్ కి 5 గిగాహెర్ట్జ్ వైఫై కూడా ఉండదు, అపార్ట్‌మెంట్ లో ప్రతి ఫ్లాట్ కీ ఒక రౌటర్ ఉన్నచోట 2.4 మీద ఆన్‌లైన్ మ్యాచ్ ఆడితే బాల్ ఒకచోట ప్లేయర్ ఒకచోట ఉంటాడు.

నా ఓటు స్లిమ్ కే. సౌండ్ తక్కువ, వేడి తక్కువ, 5 గిగాహెర్ట్జ్ ఉంది. ఒక్కటే లోటు, ఆప్టికల్ ఆడియో పోర్ట్ తీసేశారు, పాత హోమ్ థియేటర్ కి అదే వైర్ వాడేవాళ్ళు ముందే చూస్కోండి. ఇంట్లో పెద్ద 4కే టీవీ ఉంటేనే ప్రో గురించి ఆలోచించండి, అది కూడా 7200 సిరీస్ దొరికితేనే, మొదట్లో వచ్చిన 7000 ప్రో ఆన్ చేసి గేమ్ పెడితే పక్క గదిలో మిక్సీ వేసినట్టుంటది.

వెళ్ళాక ఏం చూడాలి

మీతో పాటు తీస్కెళ్ళాల్సినవి: ఒక ఒరిజినల్ గేమ్ డిస్క్ (ఫ్రెండ్ దగ్గర అడిగి అయినా సరే), మీ పీఎస్ఎన్ (ప్లేస్టేషన్ ఆన్‌లైన్) అకౌంట్ పాస్‌వర్డ్, ఫోన్ హాట్‌స్పాట్, ఒక యూఎస్‌బీ కేబుల్. అకౌంట్ లేకపోతే ముందురోజే ఫ్రీగా క్రియేట్ చేస్కోండి, వాళ్ళ సోఫాలో కూర్చుని ఓటీపీల కోసం చూస్తుంటే వాళ్ళకీ విసుగు, మనకీ మొహమాటం.

ముందు ఆఫ్ లో ఉండగా చూడండి. వాళ్ళు మీరు వచ్చేసరికే ఆన్ చేసి పెట్టి ఉంటే నవ్వుతూనే "ఒక్కసారి ఫుల్ గా ఆఫ్ చేసి ఆన్ చేద్దాం అన్నా" అనండి. ఆన్ చేయగానే నీలం లైట్ మెరిసి తెల్లగా మారాలి, నీలం దగ్గరే కొట్టుకుంటూ ఉండిపోయి టీవీలో బొమ్మ రాకపోతే ఇక కూర్చోకుండా లేచి వచ్చేయండి. ఇంకోటి, సరిగ్గా ఆఫ్ చేసి ఆన్ చేసినా కూడా "కన్సోల్ సరిగా ఆఫ్ చేయలేదు, స్టోరేజ్ చెక్ చేస్తున్నాం" అని మెసేజ్ వస్తుంటే హార్డ్ డిస్క్ మీద అనుమానం పెట్టుకోండి. కరెంట్ పోయినప్పుడు ఒకసారి ఈ మెసేజ్ రావడం మామూలే, మన దగ్గర వేసవిలో ఎవరింట్లోనైనా వచ్చేదే, ప్రతిసారీ వస్తేనే సమస్య.

హెచ్‌డీఎంఐ పోర్ట్ ని మాత్రం వదలొద్దు. ఫోన్ టార్చ్ వేసి లోపల పిన్నులు వరసగా ఉన్నాయా చూడండి, తర్వాత కేబుల్ పెట్టి, బొమ్మ వస్తుండగా ఆ కేబుల్ ని వేలితో మెల్లగా పైకీ కిందకీ కదపండి, బొమ్మ పోయి వస్తుంటే పోర్ట్ లూజ్ అయింది. రిపేర్ అవుతుంది కానీ బోర్డు మీద సోల్డరింగ్ పని, చెయ్యి తిరిగినోడు చేస్తేనే నిలబడుతుంది, కాబట్టి ఆ ఖర్చు రేటులోంచి తీసేయమని అడగండి, లేదా వదిలేయండి.

ఇప్పుడు మీ డిస్క్ పెట్టండి. వాళ్ళ డిస్క్ కాదు, అది ఆల్రెడీ లోపలే ఉండి ఆడుతుంటే డ్రైవ్ లాక్కుంటోందో లేదో మనకి తెలియదు. సగం వరకు తోయగానే మోటార్ అందుకుని మెత్తగా లోపలికి లాక్కోవాలి, టకటకమని చప్పుడొచ్చి మళ్ళీ బయటికి నెడుతుంటే రోలర్ అరిగింది. ఓ నాలుగైదు సార్లు పెట్టి తీయండి, వాళ్ళేమనుకుంటారో అనే మొహమాటం వద్దు, డబ్బులు మనవి. డిస్క్ ఏ దేశానిదైనా ఫర్లేదు, దుబాయ్ నుంచో అమెరికా నుంచో మన బావ తెచ్చిందైనా పీఎస్4లో ఆడుతుంది, తర్వాత కొనే డీఎల్‌సీలే (గేమ్ కి అదనంగా దించుకునే భాగాలు) ఆ డిస్క్ రీజియన్ అకౌంట్ వి అయ్యుండాలి.

ఫ్యాన్ టెస్ట్ కి ఒక చిట్కా ఉంది. గాడ్ ఆఫ్ వార్ గానీ హొరైజన్ జీరో డాన్ గానీ ఉంటే గేమ్ మొదలెట్టి, ఫైట్ అక్కర్లేదు, మ్యాప్ ఓపెన్ చేసి అలా వదిలేయండి. వింతగా ఉంటది గానీ ఫైట్ కన్నా ఆ మ్యాప్ స్క్రీనే పీఎస్4ని ఎక్కువ వేడెక్కిస్తుంది, ఎంత బాగున్న కన్సోల్ అయినా కొంచెం సౌండ్ పెంచుతుంది. పెంచి అక్కడ ఆగితే మంచిదే. వేడెక్కిందని వార్నింగ్ వచ్చినా, దానంతట అదే ఆఫ్ అయినా లోపల దుమ్ము, చిప్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ ఎండిపోవడం. ఇదొక్కటే సమస్య అయితే భయపడొద్దు, సర్వీస్ చేయిస్తే లైన్లోకి వస్తుంది, బేరానికి బాగా పనికొస్తుంది కూడా. వెనక స్క్రూల మీద స్టిక్కర్లు చిరిగి ఉంటే ఎవరు విప్పారు, ఎందుకు విప్పారు అని అడగండి, క్లీనింగ్ కి అంటే ఓకే, సమాధానం నసిగితే ఓకే కాదు.

అది అలా వేడెక్కుతుండగా కంట్రోలర్ చూస్కోండి. గేమ్ లోకి వచ్చి కంట్రోలర్ ని టీపాయ్ మీద పెట్టేసి చెయ్యి తీసేయండి, కెమెరా దానంతట అదే ఒక పక్కకి మెల్లగా జరుగుతోంది అంటే స్టిక్ డ్రిఫ్ట్. జరగకపోతే ఒకసారి స్టిక్ ని గట్టిగా అంచుదాకా తోసి టక్కున వదిలి మళ్ళీ చూడండి, డ్రిఫ్ట్ చాలాసార్లు అప్పుడే బయటపడుతుంది. ఇంకా టచ్‌ప్యాడ్ మీద వేలు జరిపి చూడండి, కింద జాక్ లో ఇయర్‌ఫోన్ పెట్టి చూడండి, మార్కెట్ లో డూప్లికేట్ కంట్రోలర్లు కుప్పలుగా ఉన్నాయి, చాలావాటిల్లో ఈ రెండు దగ్గరే దొరికిపోతారు. స్లిమ్ తో వచ్చిన కంట్రోలర్ కి టచ్‌ప్యాడ్ పైన సన్నటి లైట్ గీత కనపడుతుంది, లేదంటే పాత కంట్రోలర్ జత చేసి ఇస్తున్నారన్నమాట.

"యాభై గేమ్స్ లోడెడ్ బ్రో"

దీని గురించి ఎక్కువ చెప్పాలి ఎందుకంటే అందరూ పడేది ఇక్కడే. హార్డ్ డిస్క్ నిండా గేమ్స్ ఉన్నాయని రెండు మూడు వేలు ఎక్కువ అడుగుతారు. ఆ గేమ్స్ రెండు రకాలుగా వచ్చి ఉంటాయి, రెండూ మనకి పనికిరావు.

మొదటిది వాళ్ళ అకౌంట్ లో కొన్న డిజిటల్ గేమ్స్. పీఎస్4లో ఒక అకౌంట్ కి ఒక్క కన్సోలే ప్రైమరీ గా ఉంటుంది, ఆ కన్సోల్ లో ఎవరు లాగిన్ అయినా ఆ గేమ్స్ ఆడుకోవచ్చు. మీకు అమ్మినాయన రేపు ఇంకో పీఎస్4 కొనుక్కుని దాన్ని ప్రైమరీ చేస్కోగానే మీ దగ్గర గేమ్ బొమ్మ పక్కన తాళం గుర్తు పడుతుంది. ఆయన మోసం చేయాలనుకోనక్కర్లేదు కూడా, తన గేమ్స్ తను ఆడుకుంటున్నాడు, అంతే. ఇదే పద్ధతిలో ఒకే గేమ్ ని ప్రైమరీ ఒకరికి, సెకండరీ ఒకరికి అని అమ్మే అకౌంట్లు ఇన్‌స్టాగ్రామ్ నిండా ఉన్నాయి, సోనీ రూల్స్ ప్రకారం అది కుదరదు, అకౌంట్ పోతే అడిగే దిక్కుండదు. అదే డిస్క్ అనుకోండి, మన చేతిలో ఉంటది, ఆడేశాక అమ్ముకుంటాం, నేను అందుకే ఇప్పటికీ డిస్క్ పార్టీనే.

రెండోది జైల్‌బ్రేక్, అంటే సోనీ వేసిన సాఫ్ట్‌వేర్ తాళం పగలగొట్టి గేమ్స్ ఎక్కించడం. సెట్టింగ్స్ లో సిస్టమ్, దాంట్లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ కి వెళ్తే సాఫ్ట్‌వేర్ వెర్షన్ కనపడుతుంది. పీఎస్4 వెర్షన్ ఎప్పుడో 12 దాటేసింది, ఇక్కడ 9.00 అనో 11.00 అనో ఉండి, "అప్‌డేట్ మాత్రం చేయొద్దు బ్రో" అని ఆయన గాభరాపడితే అదే అనుకోండి. ఫ్రీ గేమ్స్ అని ఊరిస్తది గానీ అదంతా పైరసీ సరుకు, ఆన్‌లైన్ కి వెళ్తే కన్సోల్ బ్యాన్ అయ్యే రిస్క్, బ్యాన్ అయిన కన్సోల్ లో ఎఫ్‌సీ ఆన్‌లైన్ లేదు, ఫోర్ట్‌నైట్ లేదు. అందుకే మీ హాట్‌స్పాట్ ఇచ్చి, వాళ్ళ ముందే మీ పీఎస్ఎన్ అకౌంట్ తో సైన్ ఇన్ అవ్వండి. అప్‌డేట్ అడిగితే చేయనివ్వండి, డేటా అవుతుంది, అవ్వనీ. సైన్ ఇన్ అయి స్టోర్ ఓపెన్ అయితే ఆ భయం తీరినట్టే.

డబ్బులిచ్చేముందు వాళ్ళ చేత రెండు పనులు చేయించండి. సెట్టింగ్స్ లో అకౌంట్ మేనేజ్‌మెంట్ కి వెళ్ళి ప్రైమరీ పీఎస్4ని డీయాక్టివేట్ చేయించండి, తర్వాత ఇనీషియలైజేషన్ లో ఇనీషియలైజ్ పీఎస్4 కొట్టించండి, క్విక్ చాలు, ఫుల్ అయితే గంటలు పడుతుంది, అది ఇంటికెళ్ళాక తీరిగ్గా చేస్కోవచ్చు. బిల్లు, బాక్స్ ఉంటే బాక్స్ మీద సీరియల్ నెంబర్ కన్సోల్ స్టిక్కర్ మీద నెంబర్ తో కలవాలి. ఆ తర్వాతే ఫోన్‌పే. "టోకెన్ అడ్వాన్స్ వేయండి, హోల్డ్ చేస్తా" అనేవాళ్ళకి చూడకుండా ఒక్క రూపాయి కూడా వద్దు.

ఇంటికొచ్చాక

డబ్బులు మిగిలితే చేయాల్సిన మొదటి పని రెండో కంట్రోలర్ కొనడం కాదు, హార్డ్ డిస్క్ తీసేసి దానికన్నా వేగంగా పనిచేసే మామూలు 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పెట్టడం. లోడింగ్ టైమ్ లో తేడా మీకే తెలుస్తుంది. స్లిమ్ లో వెనక మూలన చిన్న మూత లాగితే వచ్చేస్తది, దాని వెనక ఒక పెద్ద స్క్రూ ఉంటుంది, తల మీద కంట్రోలర్ బటన్ల బొమ్మలే చెక్కి ఉంటాయి, త్రికోణం, గుండ్రం, ఇంటూ, చతురస్రం. అదొక్కటి తీస్తే ట్రే మొత్తం జారి బయటికొస్తుంది, ట్రేకి ఉన్న చిన్న స్క్రూలు విప్పి డిస్క్ మార్చడమే.

కొత్త దాంట్లో సాఫ్ట్‌వేర్ ఉండదు కాబట్టి సోనీ సైట్ నుంచి రీఇన్‌స్టాల్ ఫైల్ దించుకోవాలి, 1 జీబీ దాటి ఉండేది, 500 ఎంబీ దరిదాపుల్లో ఉండే మామూలు అప్‌డేట్ ఫైల్ తో ఇది అవ్వదు. పెన్‌డ్రైవ్ లో పీఎస్4 అనే ఫోల్డర్, దాంట్లో అప్‌డేట్ అనే ఫోల్డర్, రెండు పేర్లూ ఇంగ్లిష్ పెద్దక్షరాల్లోనే, దాంట్లో ఈ ఫైల్. పవర్ బటన్ నొక్కి పట్టుకుని రెండో బీప్ వచ్చేదాకా ఆగితే సేఫ్ మోడ్ వస్తుంది, ఏడో ఆప్షన్ కొట్టండి. సేఫ్ మోడ్ లో కంట్రోలర్ ని కేబుల్ తో పెట్టి పీఎస్ బటన్ నొక్కాలి, ఎంత నొక్కినా కదలకపోతే కన్సోల్ పోయిందని కంగారుపడకండి, పవర్‌బ్యాంక్ తో వచ్చే పొట్టి కేబుళ్ళలో చాలావాటికి ఛార్జింగ్ తప్ప డేటా వెళ్ళదు, పాత ఫోన్ తో వచ్చిన కేబుల్ ఏదైనా వెతికి పెట్టండి.