తొలిసారి ఆన్‌లైన్‌లో డీ అండ్ డీ ఆడించేవాళ్లకు

మా ఆట శనివారం రాత్రి 8:30కి. ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకమ్మాయి విశాఖలో, మా పిన్ని కొడుకు డల్లాస్‌లో. డీ అండ్ డీ అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మాటలతో, పాచికలతో ఆడే కథల ఆట. అందులో కథ నడిపేది నేను. కొత్తగా ఆడించాలనుకునేవాళ్లు నన్ను ముందు అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని. ఇప్పుడే ఏదీ కొనకండి. మీవాళ్లలో అందరికంటే చిన్న స్క్రీన్ ఎవరిదో కనుక్కోండి. విశాఖ అమ్మాయి ఫోన్‌లోనే ఆడుతుంది, అందుకే ఆ ఫోన్‌లో హాయిగా నడిచేవే ఎంచుకున్నాను.

మాటలకు డిస్కార్డ్ అనే యాప్ చాలు. అందులో ఈవెంట్ పెడితే ఎవరి టైమ్ వాళ్లకు కనిపిస్తుంది. మన 8:30 వేసవిలో డల్లాస్‌కు ఉదయం 10, నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక 9. సంగీతం కావాలంటే టేబుల్‌టాప్ ఆడియో అనే సైట్‌లో వాన, సత్రం, గుహ లాంటి పది నిమిషాల ట్రాకులు ఉచితంగా ఉన్నాయి. వాటిని మీ మైక్ దగ్గర వినిపించకండి. డిస్కార్డ్‌లో చప్పుళ్లను అణిచే సెట్టింగ్ పాటనూ మింగేస్తుంది. లింక్ పంపితే ఎవరికి వాళ్లు పెట్టుకుంటారు.

మ్యాప్‌కు నేను ఔల్‌బేర్ రోడియో అనే సైట్ వాడతాను. గది తెరిచి లింక్ పంపితే ఆటగాళ్లు బ్రౌజర్‌లోనే వచ్చేస్తారు. మ్యాప్ గ్రాఫ్ పేపర్ మీద గీసి ఫోటో తీసినా సరిపోతుంది. ఒక గడి అయిదు అడుగులు, కాబట్టి 30 అడుగుల వేగం ఉన్న పాత్ర ఆరు గళ్లు నడుస్తుంది. పేపర్‌లోని గళ్లు, స్క్రీన్ మీది గళ్లు కలిసేలా ఫోటో సైజు సరిచేయండి. లేకపోతే ప్రతి దెబ్బకూ అందుతుందా లేదా అన్న వాదనే.

నేను ఎక్కువ జాగ్రత్త పడేది మ్యాప్‌ను కప్పే పొగమంచు దగ్గర, అంటే ఆటగాళ్లు ఇంకా చేరని చోట్లను వాళ్లకు కనబడకుండా దాచే పొర. ఒకసారి కప్పడం మర్చిపోయి మొత్తం గుహ చూపించేశాను. చివరి గదిలో ఉన్న గాబ్లిన్ నాయకుడు మొదటి నిమిషంలోనే అందరి కంటా పడ్డాడు. రెండు వారాలు దాచిన రహస్యం, చాలా బాధేసింది. అప్పటి నుంచి ఆటకు గంట ముందు ఇన్‌కాగ్నిటో విండోలో ఆటగాడిలా గదిలోకి వెళ్తాను. అక్కడ ఏం కనిపిస్తోందో చూశాకే లింక్ పంపుతాను. ఈ ఒక్క అలవాటూ తప్పకుండా చేసుకోండి.

క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాలు రాసుకునే కాగితం), పాచికలు, మ్యాప్ అన్నీ ఒకేచోట ఉండాలంటే రోల్20 అనే సైట్ ఉంది. ఉచితంగానే మొదలుపెట్టొచ్చు. అందరి దగ్గరా ల్యాప్‌టాప్ ఉంటే అదే మేలు. ఇలాంటిదే ఫౌండ్రీ అనే సాఫ్ట్‌వేర్ ఒక్కసారి కొంటే చాలు, అదీ ఆడించేవాళ్లే కొనాలి. కానీ మీ కంప్యూటరే సర్వర్ అవుతుంది. మన ఇళ్ల ఇంటర్నెట్‌లో చాలాచోట్ల సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగలిగే నెట్ చిరునామా) ఉండదు, అలాంటప్పుడు రౌటర్‌లో పోర్ట్ తెరిచినా బయటివాళ్లు లోపలికి రాలేరు. కొనే ముందే మీ నెట్ కంపెనీని అడగండి.

రూల్స్‌కు డబ్బు పెట్టక్కర్లేదు. అయిదో ఎడిషన్ మూల నియమాలను, అంటే ఎస్ఆర్‌డీ 5.1 అనే పత్రాన్ని, 2023 జనవరిలో ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేశారు. పన్నెండు క్లాసులు (యోధుడు, మాంత్రికుడు లాంటి పాత్రల రకాలు), గాబ్లిన్ నుంచి డ్రాగన్ దాకా రాక్షసులు అందులో ఉన్నాయి. బిహోల్డర్ లాంటి కొన్ని మాత్రం లేవు. మూలం పేరు చెప్తే దాన్ని తెలుగులోకి మార్చి పంచుకోవచ్చు కూడా. నేను ఒక్క పేజీ రాసి ఇచ్చాను. "అడ్వాంటేజ్ అంటే డీ20 రెండుసార్లు వేసి పెద్దది తీసుకో" (డీ20 అంటే ఇరవై ముఖాల పాచిక) అన్న వాక్యం చూశాక విశాఖ అమ్మాయి ఇంకెప్పుడూ రూల్ అడగలేదు. పాచికలు ఇంట్లో ఉంటే చేత్తోనే వేయనివ్వండి. అంకె చెప్పేటప్పుడు ఆ గొంతులో వచ్చే వణుకు నాకు ఇష్టం.

ఆట ఆపే ముందు అయిదు నిమిషాలు అట్టిపెట్టుకోండి. అందరికీ కనిపించే గూగుల్ డాక్‌లో ఎక్కడ ఆగాం, ఎవరికి ఎన్ని హిట్ పాయింట్లు (పాత్ర ప్రాణబలం) మిగిలాయి, ఏ వస్తువు ఎవరి దగ్గరుందో రాయండి. ఆ వారం బాగా ఆడినవాళ్లతో ఆఖరి లైన్ రాయిస్తాను. పోయిన శనివారం మా డల్లాస్ తమ్ముడు రాసింది: "దీపం ఆరింది. తాడు పైనే ఉండిపోయింది. కింద ఎవరో దగ్గారు."