ఒక చట్టాన్ని లిబర్టేరియన్ దృష్టితో పరిశీలించడం ఎలా

వ్యక్తి స్వేచ్ఛకే పెద్దపీట వేసి, రాజ్యం బలప్రయోగాన్ని వీలైనంత తగ్గించాలనేవాడు లిబర్టేరియన్. ఆ దృష్టితో చూడాలంటే ముందుగా చట్టం పీఠికను పక్కన పెట్టండి. ప్రజారోగ్యం, భద్రత, సంక్షేమం అన్న మాటలు ఏ చట్టంలోనైనా ఉంటాయి; లిబర్టేరియన్ నేరుగా శిక్షల సెక్షన్ల దగ్గరికి వెళతాడు. ఎవరిని ఏ పని చేయవద్దంటున్నారు, వినకపోతే జరిమానా ఎంత, అదీ కట్టకపోతే చివరికి జైలేనా అన్నది కాగితం మీద వరుసగా రాసుకుంటే, ఆ చట్టం వెనుక ఉన్న బలప్రయోగం ఎంతో తేలుతుంది.

లైసెన్సు లేనిదే ఎవరూ క్షౌరవృత్తి చేయరాదనే చట్టాన్ని తీసుకోండి. జుట్టు కత్తిరించేవారూ, కత్తిరించుకునేవారూ ఇష్టపడి కుదుర్చుకున్న వ్యవహారం అది. ఇతరులకు హాని కలగకుండా ఆపడానికి తప్ప, కేవలం అతని మేలు కోసమని వయోజనుణ్ణి నిర్బంధించరాదని 1859లో ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ వాదించాడు. ఆ గీటురాయి మీద ఈ చట్టం నిలవడం కష్టం. అపరిశుభ్రమైన కత్తి వల్ల రోగాలు వస్తాయంటే, కత్తి శుభ్రతకు నియమం పెడితే సరిపోయేదానికి నెలల తరబడి శిక్షణ, ఫీజు, పరీక్ష ఎందుకని అడగాలి. లైసెన్సులిచ్చే బోర్డులో ఎవరున్నారో కూడా చూడండి: చాలాచోట్ల ఆ వృత్తిలో ఇప్పటికే స్థిరపడినవారే కనిపిస్తారు, కొత్తవారు రాకపోతే లాభపడేదీ వారే.

ధరల నియంత్రణ అయితే ఆర్థికవేత్త హయెక్ 1945లో చేసిన వాదన పనికొస్తుంది. ఎక్కడెక్కడి మనుషులకో విడివిడిగా తెలిసిన సంగతులను ధర ఒక్క అంకెలో చేరవేస్తుంది. అద్దెకు పరిమితి విధిస్తే ఇప్పుడున్న అద్దెదారుకు కలిగిన లాభం అందరికీ కనబడుతుంది. కట్టకుండా ఆగిపోయిన ఇల్లు ఏ లెక్కలోకీ రాదు.

కాలుష్యం విషయంలో మాత్రం తొందరపడకండి. పొగ పక్కవాడి ఊపిరితిత్తుల్లోకి వెళితే అది అతని శరీరంపై దాడే కనుక, లిబర్టేరియన్ సూత్రమే అడ్డుకట్ట కోరుతుంది. అయితే పొగగొట్టాలు వందల్లో, బాధితులు వేలల్లో ఉన్నప్పుడు ఎవరు ఎవరిపై దావా వేయాలి? ఈ వాదంలో బలహీనమైన చోటు ఇదేనని నా అభిప్రాయం.

చివరగా, ఎవరి తీర్పు రాస్తున్నారో స్పష్టంగా పేర్కొనండి. హింస, దొంగతనం, మోసం నుంచి రక్షణ, ఒప్పందాల అమలు వరకే రాజ్యం పరిమితం కావాలని 1974లో అమెరికా తత్వవేత్త రాబర్ట్ నోజిక్ అన్నాడు. పోలీసులూ న్యాయస్థానాలూ కూడా మార్కెట్టుకే వదలాలని అమెరికా ఆర్థికవేత్త రాత్‌బార్డ్ అంటాడు. పేదలకు ప్రభుత్వం కనీస ఆదాయం సమకూర్చడాన్ని హయెక్, మరో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ అంగీకరించారు. అందువల్ల పన్నుల సొమ్ముతో నడిచే సంక్షేమ చట్టాన్ని పరిశీలించేటప్పుడు, లిబర్టేరియన్లు దీన్ని వ్యతిరేకిస్తారని ఒక్క వాక్యంలో తేల్చేయకుండా ఎవరి సమాధానం వారిదిగా విడివిడిగా రాయండి.