వైన్ గది, కరెంటు పొదుపు – 3వ పాఠం: గోడ లెక్క

వైన్ గదికి కావాల్సింది 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం, 60–70 శాతం తేమ అని పోయిన పాఠంలో చూశాం. కూలింగ్ మెషీన్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. గోడ లెక్క, అంటే గోడల గుండా ఎంత వేడి లోపలికొస్తుందో, తేలకుండా కొంటే, ఎన్ని స్టార్లున్నా అది ఎండాకాలమంతా ఆగకుండా తిరుగుతుంది.

ఫ్రాన్స్‌లో రాన్స్ నగరం కింద సుద్దరాతి గుహల్లో ఏడాదంతా 10–12 డిగ్రీలే ఉంటుంది. నేలకింద గది కడితే మనకూ అలాగే చల్లగా ఉంటుందనుకుని జూబ్లీహిల్స్‌లో బండ పగలగొట్టించేవాళ్లున్నారు. కొన్ని మీటర్ల లోతున నేల, ఆ ఊరి ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. హైదరాబాద్‌లో అది 26, 27 డిగ్రీలు. మే నెల ఎండ నుంచి అది కాపాడుతుంది గానీ 13 డిగ్రీలు ఇవ్వలేదు. సంక్రాంతి చలిలో కూడా అడుగు నుంచి వేడి వస్తూనే ఉంటుంది. గోడలకు, సీలింగ్‌కు ఇన్సులేషన్ వేయించి నేలను వదిలేయడం నాకు అస్సలు నచ్చని పని. ఇక్కడ నేలకూ వేయాల్సిందే.

ఇప్పుడు లెక్క. గోడ వైశాల్యాన్ని లోపలికీ బయటికీ ఉన్న డిగ్రీల తేడాతో, ఆ గోడ యు-విలువతో (ఒక డిగ్రీ తేడాకు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే అంకె) గుణించాలి. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు యు-విలువ సుమారు 2. బయట 39, లోపల 13 అయితే తేడా 26. అంటే ఒక్కో చదరపు మీటరు నుంచి 52 వాట్ల వేడి లోపలికొస్తుంది. అదే గోడకు 10 సెంటీమీటర్ల పఫ్ ప్యానెల్ (పాలియురేథేన్ నురుగుతో చేసిన ఇన్సులేషన్ పలక) వేస్తే యు-విలువ 0.22 దాకా దిగుతుంది, వచ్చే వేడి 6 వాట్లు కూడా ఉండదు. లోపలి ఉష్ణోగ్రతను 13 నుంచి 15కు పెంచితే తగ్గేది 8 శాతమే. డబ్బు ముందు దేనికి పెట్టాలో ఇక్కడే తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. ఆవిరిని ఆపే షీటు ఇన్సులేషన్‌కు బయటివైపు, అంటే వేడిగా ఉండే వైపు రావాలి. చలిదేశాల ఇళ్ల వీడియోలు చూసి లోపలివైపు వేస్తే, వానాకాలపు తేమగాలి ఇన్సులేషన్‌లోకి దూరి నీరవుతుంది. తడిసిన ఇన్సులేషన్ వేడిని ఆపలేదు. జాయింట్లన్నీ టేపుతో మూయించండి, పని జరిగేటప్పుడు దగ్గరుండి చూసుకోండి.

అభ్యాసం: మీ గది నాలుగు గోడలు, సీలింగ్, నేల విడివిడిగా కొలవండి. గోడలకు, సీలింగ్‌కు బయట 40, నేలకు 26 అనుకుని మొత్తం వాట్లు కట్టండి. పడమటి ఎండ తగిలే గోడకు మరో 5 డిగ్రీలు కలపండి. ఆ కాగితం దాచుకోండి, తలుపు, లైట్ల వేడిని వచ్చే పాఠంలో దానికే కలుపుతాం.